బెల్లం డ్రమ్ము

అనూరాధ గాజు ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది.

ప్లేటు మీద వరసగా చిన్న కాగితపు బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడాలి. ఒక్క బిళ్ళ చుట్టూ కూడా ఖాళీ లేదు. అన్నిటి అంచుల దాకా బాక్టీరియా బూడిదరంగు పొరలా దట్టంగా పెరిగిపోయింది.

ప్లేటు వెనక మార్కర్‌తో రాసిన పేరు దానమ్మ.

దానమ్మ ఆమెకు మేనత్త. తల్లి పోయాక పెంచింది ఆవిడే. విజయనగరంలోని ఈ ఆసుపత్రి ల్యాబులో అనూరాధ మైక్రోబయాలజిస్టుగా చేరిన రోజున, భోగాపురం అవతల పాలెం నుంచి బస్సులో వచ్చి, ఎండు నెత్తళ్ళ చేపల మూటను ల్యాబు టేబుల్ మీద పెట్టి అందర్నీ ముక్కులు మూసుకునేలా చేసిన మనిషి. ఇప్పుడు ఇదే ఆసుపత్రి పై అంతస్తులో, కుడిచెయ్యి వాచిపోయి, మంచం మీద ఉంది.

చెరువు దగ్గర రొయ్యల తలలు వలుస్తుంటే వేలికి ముల్లు గుచ్చుకుంది. అంతే. ఆవిడకు షుగరు. వేలి వాపు చెయ్యంతా పాకింది. మొదటిసారి చీము తీసి పరీక్ష చేసినప్పుడు విబ్రియో అనే బాక్టీరియా పెరిగింది. ఉప్పునీళ్ళలో ఉండేది, ప్రమాదకరమైనదే. కానీ ఆ ప్లేటులో దాదాపు ప్రతి బిళ్ళ చుట్టూ ఖాళీ ఉంది. మందులు మొదలుపెట్టారు. జ్వరం దిగింది. దానమ్మ లేచి కూర్చుని ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు లేదని నర్సుతో పోట్లాడింది కూడా.

నిన్న జ్వరం తిరగబెట్టింది. వెంటనే మళ్ళీ చీము తీసి వేసిన ప్లేటే ఇది.

అదే బాక్టీరియా. అదే చెయ్యి. ఇంత కొద్ది వ్యవధిలో అన్ని మందులనూ తట్టుకోవడం ఎలా నేర్చుకుంది?

తనంతట తాను నేర్చుకోలేదు. ఎవరో నేర్పారు.

అనూరాధ ఫ్రిజ్ తెరిచి పాత ప్లేటు తీసింది. ఒక మూల పాలిపోయిన చుక్కలు కొన్ని ఉన్నాయి. ఇంకో రకం బాక్టీరియా, మనిషికి హాని చెయ్యనిది. ఇలాంటివి నీళ్ళ నుంచో చర్మం నుంచో వచ్చి పడుతుంటాయి, ఏ ల్యాబూ రిపోర్టులో రాయదు. ఆమె అలవాటు కొద్దీ దాన్నీ విడిగా పెంచి బిళ్ళలు వేసి ఉంచింది. ఆ ప్లేటు కూడా వెలుతురుకు ఎత్తింది.

అక్కడా ఖాళీలు లేవు. ఒక్కటీ లేదు.

ప్లాస్మిడ్.

బాక్టీరియాలో దాని సొంత జన్యువులుండే పెద్ద పోగు ఒకటి ఉంటుంది. అది కాక కొన్నిటిలో విడిగా తిరిగే చిన్న రింగులుంటాయి. మందును తట్టుకునే విద్య చాలాసార్లు ఆ రింగుల్లోనే ఉంటుంది. ఒక్కో రింగులో నాలుగైదు మందుల సంగతి కలిసి ఉండవచ్చు. బాక్టీరియా పక్కదానికి ఆనుకుని, సన్నటి గొట్టం చాచి, రింగుకు నకలు తీసి ఇచ్చేస్తుంది. ఇచ్చినదాని దగ్గర ఏమీ తగ్గదు. పుచ్చుకునేది తన జాతిదే కావాలని లేదు. అనూరాధ పిహెచ్.డి. చేసింది వీటి మీదే. ఈ రింగుల్లో మనిషి జన్యువును అతికించి బాక్టీరియా చేత ఇన్సులిన్ తయారు చేయిస్తారని ఒకప్పుడు అత్తకు చెప్పింది. "అయితే నాను రోజూ పురుగుల కష్టం పొడుసుకుంటన్నానన్నమాట" అని దానమ్మ నవ్వింది.

ఆ చేతిలో ఒక అమాయకపు బాక్టీరియా ఒక హంతకికి రింగు ఇచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న ఏ మందూ పనికిరాదు.

*

సర్జన్ తిరుమలరావు ప్లేటు చూసి కళ్ళజోడు తీశాడు.

"ఏం మిగిలిందమ్మా?"

"మన దగ్గర ఏదీ లేదు సార్."

"విశాఖలో ఆఖరి రకం మందులు రెండున్నాయి. రెండూ తెప్పిస్తున్నాను. కానీ రెండూ కలిపి ఇవ్వలేను. ఆవిడ కిడ్నీలు తట్టుకోవు. ఒకటే ఇవ్వాలి. ఏది?"

"రేపటికి పరీక్ష చేసి చెప్పగలను."

"చెయ్యి రేపటి దాకా ఆగదు. వాపు మోచెయ్యి దాటింది. భుజం దాటితే ఇక చెయ్యి తీసేసినా లాభం లేదు. సాయంత్రంలోగా ఒకటి చెప్పు. తప్పు మందు ఇస్తే రెండోసారి అవకాశం ఉండదు."

అనూరాధ పై అంతస్తుకు పరుగు తీసింది. మందు పేరు ప్లేటు చెప్పకపోతే, ఆ రింగు పుట్టిన చోటు చెప్పాలి. అక్కడ ఏ మందులు వాడారో తెలిస్తే, వాడని మందేదో తెలుస్తుంది.

దానమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోరు మాత్రం మూతపడలేదు.

"ఏటే, నీ పళ్ళేలు ఏటంతన్నాయి? వండుతారా, పారబోస్తారా?"

"అత్తా, ముల్లు గుచ్చుకున్నాక సేతికి ఏటి రాసినావు?"

"ఏటీ రాయనేదు. పసుపెడితే నువ్వు తిడతావు గదా."

"నిజం సెప్పు."

"మీ బావ బెల్లం డ్రమ్ములో ముంచినాను. రొయ్యలకి మంచిదంట, మనిషికి కాదేటి? పాలెంలో ఎవులికి ముల్లు గుచ్చుకున్నా అందులోనే ముంచుతాం. సల్లగుంటాది." దానమ్మ ఆయాసపడింది. "ఒసే, డాట్రు బాబు సెయ్యి తీసెయ్యాలంతన్నాడంట. తీసేస్తే రొయ్యలు కాళ్ళతో వలవాలా?"

"తియ్యరు. నానున్నాను గదా."

"నా కోడలివి కమ్మంటే కానన్నావు. అయ్యుంటే రోజూ తిట్టుకుంటూ ఉందుము. ఈ రోగానికి తీరికుండేది కాదు."

అనూరాధ స్కూటర్ తాళం తీసుకుని బయటపడింది.

*

ఎయిర్‌పోర్టు కోసం వేసిన కొత్త రోడ్డు నున్నగా ఉంది. అది దాటి సముద్రం వైపు తిరిగితే అంతా రొయ్యల చెరువులే. నీళ్ళను చిలికే ఏరేటర్ల చప్పుడులో ఆమె కేకలు త్రినాథ్‌కు వినపడలేదు. గట్టు మీదికి వెళ్ళి భుజం పట్టుకుంది.

త్రినాథ్ దానమ్మ కొడుకు. ఈ చెరువులకు టెక్నీషియన్. డిగ్రీ మధ్యలో మానేసినా, చుట్టుపక్కల ఏ చెరువులో రొయ్య చచ్చి తేలినా ముందు అతనికే ఫోన్ వస్తుంది.

"అమ్మకెలగుంది?"

"బావా, సెరువులో ఏటేటి మందులు వాడినారు?"

అతని మొహం ముడుచుకుపోయింది. "మందులేటి? మావి ఎక్స్‌పోర్టు సెరువులు. మందు తగిలిందంటే కంటైనరు ఎనక్కొచ్చేస్తాది. మా దగ్గర మందుల్నేవు. ఎవులైనా అడిగినా అదే సెప్పు."

"అత్త సచ్చిపోతాది బావా."

ఏరేటర్లు నీళ్ళు చిలుకుతూనే ఉన్నాయి. త్రినాథ్ షెడ్డులోకి నడిచాడు.

నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ము. మూత తీయగానే పులిసిన కల్లు వాసన. తెల్లటి నురగ. బెల్లం, తవుడు, నీళ్ళు కలిపి, మంచి బాక్టీరియాను పెంచి చెరువులో పోస్తే రోగం తెచ్చే బాక్టీరియాను పెరగనివ్వదని ఈ తీరంలో రైతులందరూ డ్రమ్ములు పెడతారు. అనూరాధకు తెలిసిందే. తెలియనిది త్రినాథ్ చెప్పాడు.

"సెరువులో రోగం వస్తే ఓనర్లు మందు కొట్టమంటారు. మందు కొడితే రోగం పురుగుతో పాటు నాను పెంచిన మంచి పురుగూ సచ్చిపోతన్నాది. ఎన్నిసార్లు పెంచీది? అందుకని డ్రమ్ములోనే రవ్వంత మందేసినాను. చాలావరకు సచ్చిపోనాది. బతికిందాన్ని గ్లాసుడు తీసి కొత్త బెల్లంలో తోడేసినాను. పెరుక్కి తోడేసినట్టే. మళ్ళీ ఇంకొంచెం మందు. మళ్ళీ బతికిందాన్ని తోడు. పొంగని డ్రమ్ము పారబోసి, పొంగిందాన్నే తోడుంచినాను." ఆ పరిస్థితిలో కూడా అతని గొంతులో చిన్న గర్వం తొంగిచూసింది. "ఇప్పుడు ఏ మందేసినా ఇది సావదు అనూ. ఈ ఒడ్డున ఇలాంటి తోడు ఎవుల దగ్గరా నేదు."

అనూరాధ డ్రమ్ము అంచు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

యూనివర్సిటీ ల్యాబులో ఏళ్ళ తరబడి ఆమె చేసిన పని ఇదే. బాక్టీరియా రింగును వదిలేయకుండా ఉండాలంటే ప్లేటులో మందు కలపాలి. రింగు ఉన్నదే బతుకుతుంది, లేనిది చస్తుంది. బతికిందాన్ని తీసి పెంచాలి. తేడా ఒక్కటే. ల్యాబులో సాయంత్రం అయ్యేసరికి ప్రతి ప్లేటునూ ఆవిరి యంత్రంలో ఉడికించి చంపితే తప్ప బయట పడెయ్యరు. త్రినాథ్ ఆ పనిని బెల్లంతో, బురద కాలవ నీళ్ళతో, ఇన్ని ఊళ్ళ మురుగు చేరిన చోట చేశాడు. అద్భుతంగా చేశాడు.

"ఏటేటి మందులేసినావు? ఒక్కటీ దాచకు."

అతను వరసగా చెప్పాడు. ఆమె ప్లేటు మీద ఓడిపోయిన పేర్లే చాలావరకు. చివర్లో తటపటాయించాడు.

"ఏజెంటు ఒకపాలి సిన్న సీసాలు తెచ్చినాడు. డేటు అయిపోయిన ఆసుపత్రి మందంట. నారింజ రంగు పొడి. డ్రమ్మంతా రంగొచ్చేసినాది."

విశాఖ నుంచి వస్తున్న రెండు మందుల్లో ఒకటి నారింజ రంగులోనే ఉంటుంది.

"రెండోది? తెల్లటి పొడి, ఇంజెక్షన్ సీసా. అదెప్పుడైనా వేసినావా?"

"నేదు. మా అమ్మ మీదొట్టు."

అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"సార్, రంగు మందు వద్దు. రెండోది ఇవ్వండి."

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

*

సాయంత్రం మందు ఎక్కించారు. త్రినాథ్ కూడా వచ్చాడు. వార్డు బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "నానే సంపేసినాను" అన్నాడు. "ఇంకా ఏటీ అవ్వనేదు, ఏడవకు" అని ఆమె కసిరింది. మందు పనిచెయ్యడం మొదలైతే ముందు జ్వరం దిగుతుంది. అనూరాధ మాటిమాటికీ లోపలికి వెళ్ళి అత్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

నుదురు కాలుతూనే ఉంది. తెల్లవారేసరికి వాపు భుజానికి పాకింది. చెయ్యి మీద నల్లటి బొబ్బలు లేచాయి.

తిరుమలరావు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. "పని చెయ్యలేదమ్మా. థియేటర్ రెడీ చేయిస్తున్నాను."

అనూరాధ అప్పుడే తెరిచిన కొత్త ప్లేటు ఆ మాటనే ముద్ర వేసి చెప్పింది. నిన్న సాయంత్రం ఆ రెండు మందులతో వేసిన పరీక్ష ఇప్పుడు ఫలితం చూపిస్తోంది. తెల్ల మందు బిళ్ళ చుట్టూ ఖాళీ లేదు. నారింజ మందు బిళ్ళ చుట్టూ కూడా లేదు.

ఆమె ప్లేటు పట్టుకునే బెంచీ దగ్గరికి వచ్చింది.

"నీ డ్రమ్ములోకి ఈ మందు ఎలగొచ్చింది బావా? వెయ్యనేదన్నావు. మీ అమ్మ మీద ఒట్టేసినావు."

"నాను వెయ్యనేదే!" త్రినాథ్ లేచి నిలబడ్డాడు. "నిజంగానే... వానల్లో మా డ్రమ్ము ఒకపాలి పాడైపోనాది. పురుగంతా సచ్చిపోనాది. తాయారొదిన దగ్గర తోడు తెచ్చుకున్నాను. ఆమెకి మొదట ఇచ్చింది నానే గదా, మన తోడే గదాని..."

తాయారు పాలెంలోనే పక్క చెరువు నడిపే మనిషి. త్రినాథ్‌కు వరసకు వదిన.

"ఆమె డ్రమ్ములో ఏటి మందేసినాది?"

"నానడగనేదు."

"అడగవా?"

"తోడిచ్చినోళ్ళని ఏటేసి పెంచినావని అడుగుతారేటే ఎవులైనా?"

అడగరు. అనూరాధ కూడా అడిగేది కాదు. చిన్నప్పుడు అత్త గిన్నె ఇచ్చి పంపితే ఎన్ని ఇళ్ళకు వెళ్ళి తోడు తెచ్చిందో. ఎవరూ లేదనలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే దానమ్మకు కొంచెం తెలివి వచ్చింది. వాచిన చేతికి మిగిలిన ఒక్క గాజునూ నర్సు కత్తిరించి తీస్తోంది.

"ఆ సెయ్యి పారెయ్యొద్దని సెప్పే. తెచ్చి మన ఇసకలో పూడ్చండి. సముద్రానికి దగ్గర్లో."

అలాగే అని అనూరాధ తలూపింది. ఆసుపత్రిలో తీసేసిన అవయవాన్ని ఎవరి చేతికీ ఇవ్వరనీ, దీన్ని అసలే ఇవ్వకూడదనీ చెప్పలేదు.

దానమ్మ థియేటర్ నుంచి ప్రాణంతో బయటికి రాలేదు. చెయ్యి తియ్యడం పూర్తయింది గానీ అప్పటికే విషం రక్తంలోకి వెళ్ళిపోయిందని తిరుమలరావు చెప్పాడు. ఇంకా ఏదో చెప్పాడు. అనూరాధ అతని పెదాలు కదలడం మాత్రం చూసింది.

*

ఆ ఇంట్లో పూడ్చడమే ఆనవాయితీ. ఆ బాక్టీరియా మట్టిలో మిగలకూడదని అనూరాధ పట్టుబట్టి కాల్పించింది. సదువుకున్న పిల్లకి ఆచారాల్నేవని పాలెంలో ఆడవాళ్ళు ఆమె వినేలాగే అన్నారు.

త్రినాథ్ తన డ్రమ్ములో బ్లీచింగ్ పౌడర్ బస్తా గుమ్మరించాడు. నురగ అణిగి, నీళ్ళు తెల్లబడి, వాసన చచ్చింది. డ్రమ్మును కడిగి ఇసకలో బోర్లించాడు. అది చేస్తున్నంతసేపూ ఏడ్చాడు.

"ఇంకా ఎవులెవులికి ఇచ్చినావు?" అని అనూరాధ అడిగింది.

"అడిగినోళ్ళందరికీ. ఇటు భీమిలి. అటు కళింగపట్నం దాకా ఎల్లినాది. వంశధార పక్కన సెరువులోళ్ళు బండ్లేసుకుని వచ్చి పట్టుకెళ్ళినారు. ఆళ్ళు ఇంకెవులికి ఇచ్చినారో నాకేటి తెలుస్తాది?" కొంచెం ఆగాడు. "దీపాలెట్టాక మాత్రం ఎవులికీ ఇవ్వనేదు. అమ్మ ఇవ్వనిచ్చేది కాదు."

అనూరాధ స్కూటర్ మీద చెరువు చెరువుకూ తిరిగింది. డ్రమ్ములు పారబోయమంది, పారబోసే ముందు బ్లీచింగ్‌తో పురుగును చంపమంది. గాయాలు అందులో ముంచవద్దంది. కొందరు కుర్చీ వేసి కొబ్బరినీళ్ళిచ్చి విన్నారు. "మీ అత్తకి షుగరు గదమ్మా" అన్నారు. ఒకాయన, "రొయ్యల పట్టుబడి అయ్యేదాకా ఆగమ్మా, ఇప్పుడు డ్రమ్ము తీసేస్తే రొయ్య తేలిపోతాది" అన్నాడు. ఒక కుర్రాడు ఆమె ఎదురుగానే డ్రమ్మును కాలవలోకి వంచేశాడు. ఆమె వద్దని అరిచేలోపే నురగ కాలవ వెంట సముద్రం వైపు వెళ్ళిపోయింది. మంచి పని చేశానన్నట్టు అతను నవ్వాడు.

ఇక ఆమె తిరగడం మానేసింది.

పెద్దకర్మ నాడు ఇంటి ముందు షామియానా వేశారు. వంటవాళ్ళు చేపల పులుసు దించుతున్నారు, దానమ్మకు ఇష్టమని. అనూరాధ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టాలు వస్తున్నారు, ఏడుస్తున్నారు, భోజనానికి కూర్చుంటున్నారు.

తాయారు వచ్చింది. చంకలో మూత సరిగ్గా పట్టని తెల్లటి క్యాను. నడుస్తుంటే అంచు నుంచి నురగ కారి ఆమె చీర తడిసింది. క్యానును త్రినాథ్ ముందు దించింది.

"మీ డ్రమ్ము పోయిందంట గదరా. సావు జరిగిన ఇంట్లో తోడు కూడా పోకూడదు. అత్త ఇంట్లో పుట్టిన తోడది. నా దగ్గరుంది, ఉంటాది. నువ్వడగలేవని నానే తెచ్చినాను."

త్రినాథ్ అలవాటుగా రెండు చేతులూ చాచాడు. సగంలో ఆగిపోయాడు. తీసుకోలేదు, వెనక్కీ తీసుకోలేదు. చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

తాయారు అది గమనించలేదు. అనూరాధ పక్కన కూలబడి, ఆమె తలను దగ్గరికి తీసుకుని, తడిచేత్తో ఆమె చెంపలు తుడిచింది. పులిసిన బెల్లం వాసన. ఆ చేతి బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది. పీలిక కింద వేలు ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఏలికేటయింది అక్కా?"

"ఏటీ నేదే. నిన్న రొయ్య ముల్లు గుచ్చుకున్నాది." తాయారు ముక్కు చీదింది. "డ్రమ్ములో ముంచినాను. సల్లగున్నాది."

అనూరాధ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆసుపత్రిలో ఏ మందు మిగిలి ఉందో ఆలోచించడం మొదలుపెట్టింది. ఆలోచిస్తూనే ఉంది. షామియానా కింద ఎవరో రెండో పంక్తికి విస్తళ్ళు వేస్తున్నారు.